పాత కంప్యూటరునకు మాట పోయినప్పుడు



నేను ముప్పదిరెండేండ్లు జిల్లాపరిషత్తు పాఠశాలలలో తెలుగు పండితుడనుగా పనిచేసి విరమించినవాడను. సంధులు, సమాసములు, ఛందస్సు, ఇవి నా వృత్తి. అట్టివాడు కంప్యూటరు తెర యేల నల్లబడునో రేడియోలో చెప్పబూనుట వింతగా నున్నదని మిత్రులొకరిద్దఱు నవ్విరి. ఆ నవ్వులో న్యాయము లేకపోలేదు. అయినను గడచిన యేట మా యూరిలో జరిగిన యొక పనివలన ఈ విషయమున నాలుగక్షరములు నేను నేర్వక తప్పినది కాదు. నేర్చినంత మట్టునకే చెప్పెదను.

మీ గ్రంథాలయములలోను, బడులలోను, పంచాయతీ కచ్చేరులలోను పదేండ్లు, పదునైదేండ్లు వాడిన కంప్యూటరులు నేడు చాల గలవు. అవి యొకనాడు బొమ్మ చూపుట మానును. అంతట అది చచ్చినదని చెప్పి పాతసామానువానికి తూకమునకు వేయుదురు. మేమును వేయబోయితిమి. తెర నల్లబడుట వేఱు, యంత్రము చచ్చుట వేఱు, అందులోని వ్రాతలు పోవుట వేఱు. ఈ మూటిని ఒకటిగా తలచుటచేతనే మేము మూడు దినములు అన్నము సహింపక తిరిగితిమి.

మాది నల్లగొండ జిల్లాలో నొక గ్రామము. ఊరికి పడమట పెద్ద చెరువు కలదు. దానికి రెండు తూములు. ఏ మడికి ఏ దినమున ఎంతసేపు నీరు పాఱవలెనో ఆ వంతులు మా నీరటికాని నోటిలో నుండెడివి. నోటిలోని లెక్క మనిషితో పోవును. అతడు కాలము చేసిన పిదప రెండు పంటల కాలము వంతులను గూర్చి జగడములు పుట్టి, ఒకనాడు పారలు లేచు వఱకు వచ్చినది. అప్పుడు గ్రంథాలయ సంఘమువారు పెద్దలను కూర్చుండబెట్టి మడిమడికిని వంతు చెప్పించిరి. నేను కాగితముపై వ్రాసితిని. బడిలోని చిన్న ఉపాధ్యాయు డొకడు దానిని గ్రంథాలయపు కంప్యూటరులో ఎక్కించెను. ఈ పని పదునాలుగు నెలలు పట్టినది. నా కాగితములు వానకు తడిసి ముద్దయైనవి. కంప్యూటరులో నున్నది గదా యని నేను వానిని ఎండబెట్టనైన లేదు. ఇది నా మొదటి తప్పు.

ఆ కంప్యూటరు సంగతి కొంత చెప్పవలెను. మా యూరి యువకు డొకడు మాదాపురములో నొక కార్యాలయమున ఉద్యోగము చేయుచున్నాడు. ఆ కార్యాలయములలో కొన్ని యేండ్ల కొకసారి పాత యంత్రములను తీసివేసి క్రొత్తవి పెట్టుట ఆచారము. అట్లు తీసివేసిన వానిలో నాలుగింటిని అడిగి, అతడు మా గ్రంథాలయమునకు పంపెను. అవి 2010 నాటివి. ఒక్కొక్కదానిలో జీఫోర్స్ 210 అను గ్రాఫిక్స్ కార్డు కలదు. ఈ కార్డు అరచేతియంత ఫలకము. దానిపై చిన్న ఫ్యాను తిరుగుచుండును. కంప్యూటరు చెప్పినదానిని బొమ్మగా మార్చి తెరకు పంపుట దాని పని. కొన్ని యంత్రములలో ఇది వేఱుగా నుండదు, లోపలి పెద్ద ఫలకములోనే చేరియుండును.

ఒకనాటి సాయంకాలము ఆ వంతుల పట్టికను సరిచూచుచుండగా తెరమీద నొక ప్రకటన కనబడినది: మీ కంప్యూటరులోని డ్రైవరులన్నియు పాతబడినవి, ఇచ్చట నొక్కిన యెడల క్షణములో క్రొత్తవి చేసెదము, ఉచితము అని. క్రొత్తది మంచిదే గదా యని నేను నొక్కితిని. యంత్రము తనంతట తాను ఆగి మరల లేచినది. తయారించినవారి పేరు కనబడినది, విండోస్ గుర్తు కనబడినది, ఆపైన తెర నల్లగా నైపోయినది. లోపల ఫ్యాను మాత్రము తిరుగుచునే యున్నది. ఇది నా రెండవ తప్పు.

మఱునాడు దగ్గఱి పట్టణములోని యొక దుకాణమునకు మోసికొని పోతిమి. ఆ యబ్బాయి ఒకసారి మీట నొక్కి చూచి, కార్డు పోయినది, బోర్డు పోయినది, లోపలి వ్రాతలు దొరకునో దొరకవో చెప్పలేను, క్రొత్తది కొనుడని పలికెను. మూడు దినములలో రబ్బీ పంటకు తూము ఎత్తవలసి యున్నది. ఊరిలో అప్పుడే గుసగుసలు మొదలైనవి. పంతులే కావలెనని పోగొట్టినాడని యొకరు, తన బావమఱది మడికి వంతు తగ్గినదని యట్లు చేసినాడని మఱియొకరు. అరువదియైదేండ్ల బ్రతుకులో నేను అట్టి మాట పడియుండలేదు. నలుపెక్కిన ఆ పెట్టెను, దానితోపాటు తెరపై గీతలు పడుచు చాలకాలముగా మూలనున్న మఱియొకదానిని గోనెసంచిలో కట్టి, తెల్లవాఱుజామున బస్సులో ఒడిలో పెట్టుకొని హైదరాబాదు చేరితిని.

నా మేనల్లుడు రాయదుర్గములో నొక పెద్ద భవనమునందు కంప్యూటరు ఉద్యోగి. వాని యొద్దకు పోయిన పని క్షణములో తీఱునని నా నమ్మకము. వాడు సంచి విప్పి చూచి, “మామయ్యా, నేను విదేశపు బ్యాంకులకు లెక్కల ప్రోగ్రాములు వ్రాయుదును. ఈ పెట్టె మూత విప్పుట నాకు చేతకాదు” అనెను. వ్యాకరణము చదివినవానిని వైద్యము చేయుమన్నట్లైనది. వాడే నన్ను సికింద్రాబాదులో పార్కు లేనునందలి చెనాయ్ ట్రేడ్ సెంటరునకు తోడుకొని పోయెను. ఆ భవనమంతయు కంప్యూటరు సామానుల అంగళ్లు. అందొక మూలగదిలో నడివయసు వాడొకడు పాత యంత్రములను బాగుచేయుచు కూర్చుండియుండెను. అతడు నా మాట పూర్తిగా విని, మీట నొక్కి, తెరనే చూచుచు, “పెద్దసారూ, ఇది సచ్చిపోలే. దీనికి మాట పోయింది, అంతే” అనెను.

మొదట అతడు చేసిన పని మీరు జ్ఞాపకముంచుకొనవలెను. కార్డు జోలికి పోలేదు. పెట్టెలోని హార్డు డిస్కును, అనగా వ్రాతలు దాచు పేటికను ఊడదీసి, తన యంత్రమునకు తగిలించి, మా వంతుల పట్టికను తెఱచి చూపెను. మొదటి మడి నుండి కడపటి మడి వఱకు అంతయు నున్నది. బొమ్మను చూపునది వేఱు, వ్రాతను దాచునది వేఱు. ఒకటి చెడినప్పుడు రెండవది చెడవలసిన పనిలేదు. దీపము ఆరిన గదిలో పెట్టెలోని నగలు పోవు గదా. అరగంటలో అతడు ఆ పట్టికను రెండు చిన్న పెన్ డ్రైవులలోనికి ఎక్కించి నా చేతిలో పెట్టెను. అప్పుడు నేను అక్కడనున్న ముక్కాలిపీటపై కూర్చుండి మంచినీళ్లు త్రాగితిని. తక్కిన విద్య యంతయు ఆ పిమ్మట నేర్చినది.

డ్రైవరు అనగా బండి తోలువాడని మనము తలచెదము. ఇచ్చట ఆ యర్థము పనికిరాదు. ఇచ్చట డ్రైవరు దుబాసి. మీలో చాలమందికి గ్రామ కైఫీయత్తుల సంగతి తెలిసియుండును. వానిని సేకరింపించిన కర్నలు మెకంజీ దొరకు మన భాషలు రావు. ఏలూరి వాడైన కావలి వెంకట బొఱ్ఱయ్య దొరకును ఊళ్లకును నడుమ నిలిచి ఇటు మాట అటు, అటు మాట ఇటు చెప్పెను. 1803 లో బొఱ్ఱయ్య చనిపోగా అతని తమ్ముడు లక్ష్మయ్య ఆ పని నందుకొనెను. దొర తెలివిగలవాడే, కరణములును తెలివిగలవారే; నడుమ దుబాసి లేనిచో ఒక్క కైఫీయత్తైన పుట్టియుండదు. కంప్యూటరులో విండోస్ అనునది దొర వంటిది. గ్రాఫిక్స్ కార్డు కరణము వంటిది. కార్డులను చేయు సంస్థలు పెక్కు. ఒక్కొక్క తరపు కార్డు భాష ఒక్కొక్కటి. కావున కార్డు చేసినవారే దానికి తగిన దుబాసి ప్రోగ్రామును కూడ వ్రాసి యిత్తురు. నేను నొక్కిన ప్రకటన వేఱొక కార్డు భాష నెఱిగిన దుబాసిని తెచ్చి మా కార్డుముందు నిలిపినది. ఒకరి మాట యొకరికి తెలియలేదు. తెర నల్లబడినది. జరిగినది ఇంతే.

ఈ దుబాసులను వ్రాయువారెవరని అడిగితిని. కార్డులను చేయు సంస్థలలో ముఖ్యములైనవి ఎన్విడియా, ఏఎమ్‌డి, ఇంటెల్ అని మూడు. వీనికి హైదరాబాదులోను ఇంజనీర్ల కార్యాలయములున్నవని నా మేనల్లుడు చెప్పెను. 1998 నవంబరు 22వ తేదీన ప్రధానమంత్రి వాజపేయిగారు సైబర్ టవర్సును ప్రారంభించిన నాటికి మాదాపురము చుట్టును బండలును తుప్పలును. ఆ బండల నడుమ దుర్గము చెరువు. గోలకొండ కోటకు ఒకప్పుడు ఆ చెరువునుండియే నీరు పోయెడిదందురు. నేడు దాని మీదుగా తీగల వంతెన. ఆ వంతెనపై పోవుచు నేను తలచినది చెప్పెద: ఇన్ని మేడలలో ఇందఱు ప్రోగ్రాములు వ్రాయుచున్నారు, మా పాత కార్డుకు మాత్రము క్రొత్త దుబాసిని వ్రాయువాడు లేడు. జీఫోర్స్ 210 తరపు కార్డులకు విండోసులో కడపటి డ్రైవరు 342.01 అను సంఖ్యది. అది 2016 డిసెంబరులో వెలువడినది. అటుపిమ్మట మఱియొకటి రాలేదు, రాబోదు. ఆ ప్రకటన నాకు ఇచ్చెదనన్న క్రొత్తది అసలు ఈ లోకములో లేనేలేదన్నమాట.

సంస్థలవారిని తిట్టుట సులభము. నేనును కొంత తిట్టితిని. వారి పక్షమున చెప్పవలసినదియు నున్నది. విండోస్ క్రొత్త రూపు దాల్చినప్పుడెల్ల దుబాసులు నడవవలసిన నియమములు మాఱును. 2007 లో విస్టా అను రూపు వచ్చినప్పుడు బొమ్మల దుబాసులకు పూర్తిగా క్రొత్త విధానము పెట్టిరి. అంతకు మునుపు ఎక్స్‌పీ కొఱకు వ్రాసినవి ఆ క్రొత్త విధానమునకు సరిపడక, మరల వ్రాయవలసి వచ్చినది. ప్రతి పాత కార్డును ప్రతి క్రొత్త రూపుతో పరీక్షించుట వ్యయప్రయాసలతో కూడిన పని. అయినను వారు ఆ వ్రాతల మర్మమును బయట పెట్టినచో ఇతరులైనను ఆ పని చేసికొందురు గదా యని నా మనసునకు తోచును.

ఇక రోగము నెట్లు కనుగొనవలెను? మన తర్కములో అన్వయవ్యతిరేకములని కలవు. ఇది యున్నప్పుడు అది యున్నది, ఇది లేనప్పుడు అది లేదు, కావున దీనివలననే అది, అని తేల్చు పద్ధతి. ఆ బాగుచేయువాడు తర్కసంగ్రహము చదివినవాడు కాడు గాని అతడు చేసినదెల్ల అదియే.

అతడు మొదట చూచునది దోషము కనబడు సమయము. మీట నొక్కగానే తయారించినవారి పేరు, కొన్ని తెల్లని యక్షరములు వచ్చును. అప్పటికి విండోస్ లేవలేదు; దుబాసియు లేవలేదు. అప్పుడే తెరపై గీతలు, రంగుచుక్కలు, గళ్లు పడుచున్నచో దుబాసిని నిందింపరాదు. అది కార్డు దోషమో, తీగ దోషమో, తెర దోషమో కావలెను. అట్లుగాక మొదటి యక్షరములు తేటగా వచ్చి, విండోస్ గుర్తు కనబడిన పిదప నలుపెక్కినచో అనుమానము దుబాసిపైకి పోవును. మా మొదటి పెట్టె ఈ రెండవ జాతి. గోనెసంచిలో తెచ్చిన రెండవ పెట్టె మొదటి జాతి. ఈ యొక్క భేదము తెలిసియుండిన పట్టణపు దుకాణములో నేను మోసపోయెడివాడను కాను.

మొదటినుండియు ఏమియు రానిచో, పెట్టె వెనుకభాగము చూడవలెను. తెర తీగ పెట్టుటకు అచ్చట రెండు చోట్లుండవచ్చును: పైన తక్కిన రంధ్రములతో కలిసి యొకటి, క్రిందుగా కార్డుమీద నొకటి. కార్డు ఉన్నప్పుడు తీగ కార్డుకే పెట్టవలెను. ఊడ్చినప్పుడు తీగ లాగి, మరల తప్పుచోట గ్రుచ్చుట మా గ్రంథాలయములోనే రెండు మాఱులు జరిగినది. ఇది చిన్న మాట, కాని పెద్ద మరమ్మతులకు పోకమునుపే చూడదగినది. పిదప దుమ్ము. మన పల్లెల దుమ్మునకు ఫ్యాను బిగిసికొని పోవును, కార్డు కాలిపోవునంత వేడెక్కును. మీట ఆర్పి, కరెంటు తీగ గోడనుండి లాగి, పెట్టె ఇనుపరేకును ఒకసారి చేత ముట్టి, అప్పుడు కార్డును మెల్లగా ఊడదీయవలెను. దాని పసిడివన్నె అంచును పెన్సిలు తుడుపు రబ్బరుతో మృదువుగా తుడిచి మరల బిగించినచో కొన్ని బాగుపడును. పిల్లలు పలకలు తుడిచినట్లు గట్టిగా రుద్దరాదు.

దుబాసిపై అనుమానము కుదిరినప్పుడు చేయవలసిన పరీక్ష సేఫ్ మోడ్. ఆ స్థితిలో విండోస్ తన యింటి దుబాసిని మాత్రమే వాడును. సంస్థల దుబాసిని పిలువదు. ఆ యింటి దుబాసికి ప్రతి కార్డు భాషయు నాలుగు మాటలు వచ్చును. పెద్ద యక్షరములతో, మోటుగా, బొమ్మ చూపగలదు. సేఫ్ మోడులో తెర వెలిగి, మామూలుగా వెలుగకున్నచో దోషము దుబాసిదే. వ్యతిరేకము కుదిరినది. విండోస్ 7 ఉన్న యంత్రములలో లేచునప్పుడు ఎఫ్8 మీట నొక్కుచుండిన ఆ దారి దొరకును. విండోస్ 10 లో చిక్కు కొంత కలదు: గుర్తు కనబడగానే మీట నొక్కిపట్టి ఆర్పవలెను, ఇట్లు రెండు మూడు మాఱులు చేయగా యంత్రము తానే మరమ్మతు పుట తెఱచును. అందు ట్రబుల్ షూట్, దానిలో అడ్వాన్స్‌డ్, దానిలో స్టార్టప్ సెట్టింగ్స్, రీస్టార్టు, ఆపైన 4 అను అంకె. మేనల్లుడు చెప్పగా నేను దీనిని చిన్న కాగితముపై వ్రాసి మా గ్రంథాలయపు గోడకు అంటించితిని. ఇంతకుమునుపే చేయదగిన సులభోపాయ మొకటి కలదు: తెర నల్లబడినప్పుడు విండోస్ గుర్తు మీట, కంట్రోల్, షిఫ్ట్, బి ఈ నాలుగు కలిపి నొక్కినచో, యంత్రము చిన్న కూత కూసి దుబాసిని మరల లేపును. దుబాసి కునుకుచున్న లేచును, పరాయివాడైన లేవడు.

దుబాసి కునుకుట యనగా హాస్యమునకు చెప్పినది కాదు. విండోస్ కార్డును పని చెప్పి రెండు సెకండ్లు చూచును. బదులు రాకున్న దుబాసిని త్రోసి మరల నిలుపును. డ్రైవరు పలుకుట మాని మరల కోలుకొన్నదని యొక ప్రకటన వేయును. ఒకమాఱు వచ్చిన గాభరా పడరాదు. దినమున పదిమాఱులు వచ్చుచున్నచో వేడి చూడవలెను, ఫ్యాను చూడవలెను, తరువాతనే డ్రైవరును మార్చవలెను.

మా పెట్టెను సేఫ్ మోడులో లేపగా తెర వెలిగినది. నా కనులు చెమర్చినవని చెప్పుటకు సిగ్గు లేదు. పిదప అతడు డివైస్ మేనేజరు అను పుట తెఱచి కార్డు వివరములలో హార్డువేరు ఐడీ అను వ్రాత చూపెను. ఇది నాకు మిక్కిలి నచ్చినది. మనము అపరిచితుని గోత్రమేది, పేరేమి యని అడిగినట్లు, ప్రతి కార్డునకును గోత్రనామములు లోపల చెక్కి యుండును. వెన్ అను గుర్తు తరువాత నున్నది గోత్రము: 10డీఈ యన్న ఎన్విడియా, 1002 అన్న ఏఎమ్‌డి, 8086 అన్న ఇంటెల్. ఈ 8086 అనునది ఇంటెల్ వారు 1978 లో చేసిన ప్రసిద్ధమైన ప్రాసెసరు పేరు. దానినే గోత్రముగా పెట్టుకొనిరి. డెవ్ అను గుర్తు తరువాతి నాలుగక్షరములు ఆ కార్డు పేరు. పెట్టెపైన అంటించిన చీటీ తప్పు కావచ్చును, అమ్మినవాని మాట తప్పు కావచ్చును. ఈ గోత్రనామములనే ప్రమాణముగా గొనవలెను. వీనిని వ్రాసికొని సంస్థవారి స్వంత చోటునకు పోయి, ఆ కార్డునకు, మీ విండోస్ రూపునకు, అది 32 బిట్లదో 64 బిట్లదో చూచికొని, దానికే చెప్పబడిన డ్రైవరును తెచ్చుకొనవలెను. ఈ మూటిలో ఒక్కటి తప్పినను మరల మొదటి కథయే.

పాత దుబాసిని వెడలగొట్టక క్రొత్తవానిని పెట్టరాదు. పరాయి డ్రైవరు తాలూకు శేషములు మిగిలియుండిన ఇద్దఱును కలిసి మాటలాడ మొదలుపెట్టుదురు. డిస్‌ప్లే డ్రైవర్ అన్ఇన్‌స్టాలరు అను ఉచిత సాధనముతో అతడు సేఫ్ మోడులోనే ఆ శేషములను ఊడ్చివేసెను. ఇంటర్నెట్టు తీగ లాగివేసి, ముందే తెచ్చియుంచుకొన్న 342.01 ని పెట్టెను. తీగ యేల లాగితివని అడిగితిని. విండోస్ తనకు తోచిన డ్రైవరును నడుమ తెచ్చిపెట్టకుండుటకని చెప్పెను. యంత్రము మరల లేచినది. అక్షరములు సన్నగా, తేటగా, తమ సహజరూపమున నిలిచినవి.

అతడు ఎంత తీసికొనెనో మీరు అడుగుదురు. పట్టణపు దుకాణదారుడు క్రొత్త యంత్రమునకు చెప్పిన వెలలో ఇరువదవ వంతు కూడ లేదు. రెండవ పెట్టెను గూర్చి మాత్రము అతడు తల త్రిప్పెను. మొదటి యక్షరములనుండియే గీతలు; కార్డును తీసివేసి పెద్ద ఫలకమునకే తీగ పెట్టిచూడగా గీతలు పోయినవి. అన్వయము కుదిరినది, కార్డు చెడినది. క్రొత్త కార్డు కొనవలదని అతడే చెప్పెను. లెక్కలు వ్రాసికొను గ్రంథాలయమునకు ఫలకములోని బొమ్మయే చాలునట. తన సరుకు అమ్ముకొనుటకు కూర్చున్నవాడు వలదనుట నేను అంతకుమునుపు వినియుండలేదు.

ఇంటర్నెట్టులో డ్రైవరులను క్రొత్తవి చేసెదమను ప్రకటనలను గూర్చి వేఱుగ చెప్పవలసినది లేదు. నా కథయే దానికి సాక్ష్యము. మీ కంప్యూటరులో దోషమున్నది, మేము దూరమునుండి బాగుచేసెదము అని ఫోనుచేయువారు కూడ ఆ జాతివారే. వారికి ఒక్క యక్షరమైనను చెప్పరాదు.

విండోస్ 10 నకు సంస్థవారి ఉచిత మద్దతు 2025 అక్టోబరు 14 తో ముగిసినది. విండోస్ 7 నకు 2020 లోనే ముగిసినది. పాత యంత్రములు చాలవఱకు విండోస్ 11 నియమములకు ఆగవు. కావున లినక్స్ మాట కూడ చెప్పవలెను. లినక్సులో పాత కార్డుల దుబాసులు లోపలనే చేరియుండును, వేఱుగ తేనక్కఱలేదు. ఎన్విడియా వారు మర్మము చెప్పకపోగా, కొందఱు కార్డు నడకను ఓపికతో గమనించి నూవో అను దుబాసిని తామే వ్రాసిరి. 2010 లో అది లినక్సు మూలములో చేరినది. ఆ మాటకు ఫ్రెంచి భాషలో క్రొత్తది యని యర్థమట. పని చేయునది పాత కార్డులకు. వేగము తక్కువ గాని వ్రాతకోతలకు చాలును. కొన్ని యంత్రములలో మొదటిసారి తెర నల్లబడవచ్చును. లేచునప్పటి వరుసలో నోమోడ్‌సెట్ అను మాట చేర్చిన మోటుబొమ్మతోనైన లేచును. మన భాషలో లినక్సును సిద్ధపఱచిన స్వేచ్ఛ అను సంస్థ హైదరాబాదులోనే కలదు. మా మూడవ పెట్టెలో మేనల్లుడు లినక్సు పెట్టియిచ్చెను. బడిపిల్లలకు అదే ప్రియమైనది. నాకింకను చేయి తిరుగలేదు.

తూము ఎత్తవలసిన నాటికి ముందురాత్రి పదిగంటలకు ఊరు చేరితిని. చిన్న ఉపాధ్యాయుడు మండల కేంద్రములో వంతుల పట్టికను మూడు ప్రతులు అచ్చువేయించి తెచ్చెను. ఒకటి పంచాయతీలో, ఒకటి గ్రంథాలయములో, ఒకటి క్రొత్త నీరటికాని యింట. తెల్లవాఱి కట్టమీద అందఱు వినునట్లు నేనే చదివితిని. నా బావమఱది మడి వచ్చినప్పుడు కొందఱు దగ్గఱకు జరిగి విన్నారు. అతని వంతు వారు తలచినదానికంటె గంటసేపు తక్కువయే యుండెను. ఎవ్వరును ఏమియు ననలేదు. నీరటికాడు పంచె బిగించి తూములోనికి దిగెను.

గీతలు పడిన పెట్టెలోని చెడిన కార్డు మా యింటి అలమరలో నున్నది. దాని ఫ్యాను ఇంకను తిరుగును. దానిని ఊడదీసి మొదటి పెట్టెకు పెట్టించితిమి.